వీపు మీద ఇంటూ మార్కు

డాక్టర్ మధులతకు ఎక్స్‌రే ఫిల్ముల మీద ఉన్న గౌరవంలో పదో వంతు కూడా మనుషుల మీద ఉండేది కాదు. ఫిల్ము అబద్ధం చెప్పదు, అడిగిందానికి అడ్డదిడ్డంగా జవాబివ్వదు, తొమ్మిదిమంది బంధువుల్ని వెంటేసుకుని రాదు. మనుషులు ఈ మూడూ చేస్తారు. పంజాగుట్ట చౌరస్తాకు కూతవేటు దూరంలో, నగల దుకాణం పైన నాలుగో అంతస్తులో ఉన్న స్కానింగ్ సెంటర్లో ఆమె ఏడేళ్ళుగా కూర్చుంటోంది. ఆ ఏడేళ్ళలో ఆమె గదిలోకి వెళ్ళి, తిట్లు తినకుండా బయటపడ్డవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తిట్లంటే నోటితో కాదు. భీమవరం దగ్గర పెద్దింట్లో పెరిగిన మనిషి, నోరు జారదు. కళ్ళజోడు ముక్కు మీదికి దించి, ఎదుటి మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, మళ్ళీ తెర వైపు తిరిగిపోయేది. ఆ చూపు తిన్నవాళ్ళకి, దీనికంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదే అనిపించేది.

ఆ చూపులో పెద్ద వాటా డాక్టర్ రవికాంత్‌ది. ఆయన ఎప్పుడూ అక్కడికి వచ్చేవాడు కాదు కాబట్టి ఆ వాటా ఆయన పంపే చీటీలకు దక్కేది.

రవికాంత్ పిల్లల డాక్టరు. అమీర్‌పేటలో జావా నేర్పుతాం, పైథాన్ నేర్పుతాం అంటూ బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న సందులో ఆయన నర్సింగ్‌హోమ్. పొద్దున్న తొమ్మిదికి మొదలుపెట్టి మధ్యాహ్నంలోగా ఎనభైమంది పిల్లల్ని చూస్తాడు. చూస్తాడంటే, పిల్లలు ఆయన్ని చూస్తారు, ఆయన చీటీని చూస్తాడు. తల్లి బిడ్డను ఒళ్ళో సర్దుకునేలోపే జబ్బు పేరు రాసేసి ఉంటాడు. రాశాక ఇక అది బ్రహ్మరాత. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకాన్ని మధులత చాలామందినే చూసింది. కుందేల్ని పట్టకుండానే కాళ్ళు లెక్కపెట్టేసేవాణ్ణి మాత్రం ఈయన్నొక్కణ్ణే చూసింది.

ఆ సెంటర్లో ఒక మర్యాద ఉంది. ఎక్కడా రాసిపెట్టి ఉండదు గానీ అందరికీ తెలుసు. పంపిన డాక్టరు చీటీ మీద ఏ జబ్బు పేరు రాస్తే రిపోర్టు దానికి ఎదురు తిరగకూడదు. నిమోనియా అని రాస్తే నిమోనియా ఉండొచ్చు అనాలి. ఉత్త దగ్గు అని రాస్తే అంతా మామూలే అనాలి. కాదంటే ఆ డాక్టరు మర్నాటి నుంచి కేసులు పక్క సెంటరుకి పంపుతాడు. పంజాగుట్టలో పక్క సెంటర్లకి కొదవ లేదు. ఈ మర్యాదకి పూజారి టైపిస్టు బుచ్చిబాబు. యాభై దాటిన రాజమండ్రి మనిషి, మెత్తటి గొంతు. అతని కంప్యూటర్లో ముప్ఫై రకాల రిపోర్టులు ముందే వండి మూతపెట్టి ఉంటాయి. పేరూ వయసూ మార్చి వడ్డించడమే. వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యే వంటకం పేరు 'మామూలు'.

మధులత ఈ మర్యాదని మనసారా అసహ్యించుకునేది. గంగిరెద్దుల సంత అనేది. తను మాత్రం ఆ సంతలో లేననీ, కంటితో చూసిందే రాస్తాననీ ఆమె నమ్మకం. చాలా రోజులు అది నిజమే కూడా. కాకపోతే సాయంత్రంపూట కుప్పగా వచ్చి పడే దగ్గు ఫిల్ములుండేవి. నూటికి తొంభై తొమ్మిదింటిలో ఏమీ ఉండదు. అలాంటివాటి కోసం ఆమె సంతకం బొమ్మ ఒకటి బుచ్చిబాబు కంప్యూటర్లో ఉండేది. ఆ బొమ్మ గురించి ఆమె ఎన్నడూ పెద్దగా ఆలోచించలేదు. ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకోవడానికే ఆమెకి రోజు చాలేది కాదు.

ఆగస్టు నెల, గురువారం. పదకొండు కావస్తుండగా రవికాంత్ చీటీ ఒకటి వచ్చింది. హైందవి, నాలుగేళ్ళు, ఆడపిల్ల. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ చీము. మార్కింగ్ చేసి పంపండి. రెండు గంటలకు గొట్టం వేయాలి. కింద రెండు గీతలు.

మార్కింగ్ అంటే పెద్ద విద్యేమీ కాదు. స్కానింగులో చీము ఎక్కడ ఎక్కువుందో చూసి, ఆ చోట చర్మం మీద మార్కర్ పెన్నుతో ఇంటూ మార్కు పెట్టాలి. పిల్లని వెనక్కి పంపిస్తే, అక్కడ డాక్టరు కళ్ళు మూసుకుని ఆ మార్కు మీదే చీము లాగే గొట్టం దించుతాడు. రవికాంత్‌కి సరిగ్గా సరిపోయే పద్ధతి, కళ్ళు మూసుకోవడం ఆయనకి కొత్త కాదు అనుకుంది మధులత.

పిల్లని భుజాన వేసుకుని వచ్చింది నాయనమ్మ మంగవ్వ. ఉండేది బోరబండలో, చేసేది అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మెట్లు ఊడ్చే పని. చేతిలో పట్టుచీరల దుకాణం సంచి ఒకటి. అందులో పిల్ల పుట్టినప్పటి నుంచి పోగైన కాగితాలన్నీ ఉన్నాయి.

"తల్లి రాలేదా?" అంది మధులత, తెర మీంచి చూపు తిప్పకుండా.

"డ్యూటీకి పోయింది. తండ్రి నరేశు రవికాంత్ సార్ దవాఖానల ఉన్నడు, కాయితాల మీద సంతకాలు పెడ్తుండు. నేనే వట్టుకొచ్చిన."

"ఎన్ని రోజుల్నుంచి ఉంది?"

"ఇప్పుడైతె మూడొద్దుల సంది. దగ్గు, వాంతులు, దమ్ము. కని గిది కొత్త ముచ్చట కాదు డాక్టరమ్మ, పుట్టినకాంచి ఉన్నదే. జర నా మాట ఇను. పోరిని బుజం మీద ఏస్కుంటె ఈపుల గుడగుడ అంటది."

"దగ్గు ఉన్నప్పుడు చప్పుడు వస్తుందమ్మా."

"దగ్గు సప్పుడు నాకెర్కనే. గిది ఏరే. అన్నం తిన్నంక అందరికి కడుపుల అంటది, దీనికి ఈపుల అంటది. ఎంత తిన్నా సుత కడుపు పలక లెక్కనే ఉంటది. రవికాంత్ సార్‌కు చెప్తె నవ్విండు."

మధులతకీ నవ్వొచ్చింది. ఏడేళ్ళలో మొదటిసారి ఆమె, రవికాంత్ ఒక విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చారు. కళ్ళజోడు కిందికి దించి, వెలిసిపోయిన చీరనీ చేతిలో సంచినీ ఒకసారి చూసి, "పాప చొక్కా విప్పి కూర్చోబెట్టు. మళ్ళీ మాట్లాడొద్దు," అంది.

పిల్ల బక్కపల్చగా ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. వీపు ఎడమవైపు చల్లటి జెల్లు రాసి స్కానింగ్ మిషను ప్రోబు ఆనించేసరికి సన్నగా ఏడుపు మొదలుపెట్టింది. తెర మీద నల్లగా పెద్ద మడుగు కనిపించింది. ఒంట్లో నీరు ఎక్కడున్నా ఆ మిషను మీద నల్లగానే కనబడుతుంది. చీటీలో చీము అని ఉంది, తెర మీద నలుపు ఉంది. రెండూ అతికినట్టు సరిపోయాయి. మధులత మార్కర్ మూత తీసి, ఎముకల మధ్య మెత్తటి చోట చూసి, నల్లగా ఇంటూ మార్కు పెట్టింది. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు. గంగిరెద్దు తల ఊపడానికైనా అంతకంటే ఎక్కువ సేపే పడుతుంది.

పిల్ల ఏడుపు ఆపలేదు. ప్రోబు ఇంకా వీపు మీదే ఉంది, లోతు ఎంతో కొలవాలి. ఈలోగా మంగవ్వ కొంగు చాటు నుంచి నీళ్ళ సీసా తీసి పిల్ల నోటికి పెట్టింది.

"ఏంటది? ఏమీ తాగించొద్దని చెప్పలేదా అక్కడ?"

"తెల్లారిన సంది గుక్కెడు నీళ్ళు లేవు డాక్టరమ్మ. నోరు ఎండుకపోయింది. ఒక్క గుక్కనే."

కసరడానికి నోరు తెరిచిన మధులత తెర వైపు చూసి ఆగిపోయింది. నల్లటి మడుగులోకి పైనుంచి తెల్లటి చుక్కలు జలజలా దిగాయి. గిర్రున ఒక సుడి తిరిగి నెమ్మదిగా పైకి తేలాయి. చీములో అలా జరగదు. పిల్ల మింగిన నీళ్ళు ఊపిరితిత్తి చుట్టూ ఉన్న చీములోకి వెళ్ళే దారి ఈ లోకంలో లేదు.

"ఇంకొక్క గుక్క పట్టించు," అంది.

మంగవ్వ ఆమె మొహం వైపు అనుమానంగా చూసి ఇంకో గుక్క పట్టించింది. మళ్ళీ చుక్కలు దిగాయి, మళ్ళీ సుడి తిరిగింది. మధులత ప్రోబు తీసేసి, జెల్లు అంటుకుంటుందని కూడా చూసుకోకుండా, ఆ వీపుకి చెవి ఆనించింది. రోగి ఒంటికి చెవి ఆనించి ఆమెకి పదేళ్ళు దాటింది. లోపల గుడగుడమంది, ముసలామె చెప్పిన చోటే.

ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉండే కండరం పేరు డయాఫ్రం. తల్లి కడుపులో ఉండగానే దాని వెనకవైపు సందు మూసుకోవాలి. ఎక్కడో ఒక బిడ్డకి మూసుకోదు. అప్పుడు పొట్టలో ఉండాల్సినవి ఛాతీలోకి ఎక్కి కూర్చుంటాయి. అలాంటి బిడ్డలు చాలామంది పుట్టిన రోజే ఊపిరాడక నీలంగా మారిపోతారు. వాళ్ళలోనూ బహుకొద్దిమందికి మాత్రం ఆ లోపం ఏళ్ళ తరబడి దొంగలా దాక్కుంటుంది, అప్పుడప్పుడూ దగ్గులా, వాంతుల్లా బయటికి తొంగిచూస్తూ. తెర మీద ఆ నల్లటి మడుగు చీము కాదు. హైందవి జీర్ణాశయం. ఇంటూ మార్కు దాని మీదే ఉంది. రెండు గంటలకి గొట్టం దిగితే జీర్ణాశయానికి చిల్లు పడి, లోపలిదంతా ఛాతీలో పారుతుంది. ఆ తర్వాత ఎంత పెద్ద డాక్టరైనా చేయగలిగింది తక్కువ.

పొద్దున నర్సింగ్‌హోమ్‌లో తీసిన ఎక్స్‌రే ఫిల్ముని మంగవ్వ సంచిలోంచి తీయించుకుని చూసింది. ఎడమవైపు డయాఫ్రం గీతే లేదు. గుండె కుడివైపుకి తోసుకుపోయి ఉంది. పొట్టలో ఉండాల్సిన గాలిబుడగ ఛాతీలో కూర్చుంది. దూదిని స్పిరిటులో ముంచి మార్కుని గట్టిగా తుడిచింది. నలుపు పోయి బూడిదరంగు మిగిలింది. చక్కిలిగింత పుట్టి పిల్ల ఏడుపు మధ్యలోనే నవ్వింది.

వెంటనే రవికాంత్‌కి ఫోన్ చేసింది.

"చెప్పండి మేడం, మార్కింగ్ అయిందా?"

"లేదండి, చేయను. అది చీము కాదు. డయాఫ్రంలో పుట్టుకతో వచ్చిన రంధ్రం, ఎడమవైపు. జీర్ణాశయం పైకి వచ్చేసింది. మీరు గొట్టం వేస్తే సూటిగా అందులోకే దిగుతుంది."

అవతల నవ్వు వినబడింది. "పుట్టుకతోనా? అలాంటివాళ్ళు పుట్టిన గంటకే ఆయాసపడి పోతారమ్మా. ఇది నాలుగేళ్ళ పిల్ల, నిన్న నా స్టెతస్కోపు పట్టుకు లాగింది."

"అరుదుగా ఆలస్యంగా బయటపడతాయి సార్."

"ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసులో నాకొక్కటీ రాలేదు."

వచ్చే ఉంటాయి, నువ్వు చూసి ఉండవు, అనుకుంది మధులత.

"సరే, మీ మాటే నిజమనుకుందాం," అన్నాడు రవికాంత్ తీరిగ్గా. "ఆర్నెల్ల క్రితం దగ్గుకి ఇదే పిల్లకి మీ దగ్గరే ఎక్స్‌రే తీయించాను. మీవాళ్ళు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు నా ఫోన్లోనే ఉంది, చదవనా? రెండు ఊపిరితిత్తులూ మామూలుగా ఉన్నాయి. డయాఫ్రం రెండు వైపులా మామూలుగా ఉంది. కింద సంతకం, డాక్టర్ మధులత. పుట్టుకతో ఉన్నది ఆర్నెల్ల క్రితం ఎక్కడికి పోయిందండి, చుట్టాలింటికా?"

ఆమె చీటీ మీద పిల్ల పేరు మళ్ళీ చదువుకుంది.

"నేను మార్కింగ్ అడిగాను, అభిప్రాయం అడగలేదు. ఒంటిగంటలోగా పంపండి. లేదంటే నేనే వేలితో తట్టి చూసి వేస్తాను. మీరు చదువుకునే రోజుల్లో మేం అలాగే వేసేవాళ్ళం." ఫోన్ పెట్టేశాడు.

మధులత అక్కడే నిలబడింది. మనసు గబగబా దారులు వెతికింది. ఒకటి దొరికింది కూడా. ఈ జబ్బులో లోపలివి ఎప్పుడూ పైనే ఉండిపోవు, ఒక్కోసారి పైకి ఎక్కుతాయి, ఒక్కోసారి కిందికి జారతాయి. జారిన రోజున తీస్తే ఎక్స్‌రే నిక్షేపంగా ఉంటుంది. పుస్తకాల్లో ఉన్న సంగతే. అంటే ఆర్నెల్ల నాటి రిపోర్టూ నిజమే, ఈరోజు స్కానూ నిజమే. ఆమె ప్రాణం లేచొచ్చింది. చూసుకోవాల్సింది పాత ఫిల్మొక్కటే. సెంటర్ కంప్యూటర్లో మూడు నెలలకి మించి బొమ్మలుండవు.

"పెద్దమ్మా, పాపకి ఇంతకుముందు ఇక్కడ తీసిన ఫిల్ము ఏమైనా ఉందా?"

మొదటిసారి వరస కలిపి పిలిచినందుకు మంగవ్వ ఏమీ పొంగిపోలేదు. చీరల సంచిలో వెతికి గోధుమరంగు కవరు తీసింది. "ఉన్నది. పారెయ్యిమన్నరు. బిడ్డ బొమ్మ ఉన్న కవరు ఎట్ల పారేస్తం."

కవరు మూతికి ఆ రోజు కౌంటర్లో వేసిన స్టేప్లర్ పిన్ను అలాగే ఉంది. పైన మామూలు అని చెప్పే రిపోర్టు, లోపల ఫిల్ము.

"ఇది ఎవరూ విప్పలేదా?"

"ఎవ్వలు ఇప్పలె. సార్ ఫోన్ల చూస్కున్నడు."

మధులత పిన్ను పీకి ఫిల్ముని లైటు డబ్బా మీద పెట్టింది. ఎడమవైపు అడుగున ఉంగరాల్లా నాలుగు గాలిబుడగలు, ఊపిరితిత్తి ఉండాల్సిన చోట పేగు. డయాఫ్రం గీత సగానికి తెగి ఉంది. ఏ చుట్టాలింటికీ పోలేదు, అక్కడే ఉంది. డాక్టరీ మొదటి ఏడాది చదివే కుర్రాళ్ళు కూడా వేలు పెట్టి చూపిస్తారు, ఎవరైనా ఫిల్ము వాళ్ళ చేతికిస్తే. ఆర్నెల్లలో ఆ ఫిల్ముని చూసిన మొదటి మనిషి ఇప్పుడు, ఈ క్షణాన, దాని మీద సంతకం చేసిన మనిషే.

గురివింద గింజకి తన కింది నలుపు కనబడదంటారు. దాని తప్పు లేదు, దానికి కళ్ళు లేవు. మధులతకి కళ్ళున్నాయి, అద్దాలతో సహా.

బుచ్చిబాబుని పిలిచింది. "ఈ రిపోర్టు ఎవరు రాశారు?"

"మీరేనండి. సంతకం ఉంది కదా."

"ఈ ఫిల్ము నేను చూడలేదు."

"చూడలేదండి," అని అతను వెంటనే ఒప్పుకున్నాడు. "ఫిబ్రవరిలో శనివారమండి. శ్రీనగర్ కాలనీలో మీ ఆడపడుచు గారి గృహప్రవేశం అని మూడున్నరకే బయల్దేరారు. దగ్గు కేసులన్నిటికీ మామూలు పెట్టి పంపించేయండి, సోమవారం చూస్తానన్నారు."

"సోమవారం?"

"సోమవారం మీరు అడగలేదండి. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేనూ చెప్పలేదు."

మధులత కళ్ళజోడు ముక్కు మీదికి దించింది. చూపు బయల్దేరింది గానీ బుచ్చిబాబు దాకా చేరలేదు. దారిలోనే ఎక్కడో సిగ్గుపడి వెనక్కి తిరిగింది.

అతను ఫిల్ము వైపు, గడియారం వైపు చూసి గొంతు తగ్గించాడు. "పైకీ కిందికీ జారుతూ ఉంటుందని మీరే ఓసారి చెప్పారు కదండి. అదే రాసేద్దాం. అప్పుడు కిందికి జారి ఉంది, ఇప్పుడు పైకొచ్చింది. పాత ఫిల్ము ఎవరడుగుతారండి, సంచిలోనే పడుంటుంది. మీ మాటా నిలబడుతుంది, రవికాంత్ గారి మాటా నిలబడుతుంది."

మధులతకి ఆ మాట రుచించింది. అసహ్యం వేయాల్సింది పోయి రుచించింది, తీయగా. ఆ తీపి నోట్లో ఉండగానే ఆమెకి సంగతి అర్థమైంది. జారుతుంది, ఎక్కుతుంది అంటే రవికాంత్ కట్టుకథ అని నవ్వి గొట్టం దించేస్తాడు. ఆయన నోరు మూయించగలిగింది ఒక్కటే, ఈ పాత ఫిల్ము. ఆర్నెల్ల క్రితం జ్వరమూ చీమూ లేనప్పుడే అదే చోట ఇది ఉంది అని చూపించాలి. ఫిల్ము బయటపెడితే తన సంతకమూ బయటపడుతుంది. సంతకాన్ని దాస్తే ఫిల్మునీ దాచాలి, ఫిల్ముతో పాటు పిల్లనీ.

"మీరు వెళ్ళండి," అంది బుచ్చిబాబుతో. తర్వాత మంగవ్వ వైపు తిరిగింది. "పెద్దమ్మా, పాపని రవికాంత్ గారి దగ్గరికి తీసుకెళ్ళొద్దు. గొట్టం వేయనివ్వద్దు. పిల్లలకి ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రికి వెంటనే వెళ్ళాలి. నువ్వు చెప్పింది నిజం. ఆ చప్పుడు కడుపుదే."

మంగవ్వ మొహంలో సంతోషమేమీ కనబడలేదు. "నేను చెప్తె నా కొడుకు ఇనడు. రవికాంత్ సార్ అంటె ఆనికి దేవుడు. ఈపుల గుడగుడ అంటదిర అంటె ఆడు సుత నవ్విండు. నువ్వు కాయితం మీద రాసియ్యి. కాయితమంటె ఇంటడు."

నాలుగేళ్ళు బిడ్డని భుజాన మోసి, చెవితో విని, జబ్బు ఇక్కడుందని చెప్పిన మనిషి మాటకి విలువ లేదు. ఫిల్ము చూడకుండానే అచ్చేసిన మధులత కాయితానికి విలువ ఉంది. ఈ ఊరు నడిచే పద్ధతి ఇదీ.

ఆమె కంప్యూటర్ జోలికి పోలేదు. తెల్ల కాయితం తీసి డాక్టర్ల కోసం పైన ఇంగ్లీషులో, నరేశ్ కోసం కింద తెలుగులో చేత్తో రాసింది. సంతకం కూడా చేత్తోనే పెట్టింది. కాయితాన్నీ రెండు ఫిల్ముల్నీ ఫొటో తీసి రవికాంత్‌కి పంపింది. చేతికి ఇవ్వబోతే మంగవ్వ అందుకోలేదు.

"ఏం రాసినవో సదువు. నాకు అచ్చరాలు రావు."

మధులత చదివింది. "హైందవికి చీము లేదు. పుట్టుకతోనే డయాఫ్రంలో రంధ్రం ఉంది. అందులోంచి కడుపు ఛాతీలోకి వచ్చింది. ఛాతీలో గొట్టం వేయకూడదు, వేస్తే కడుపుకి చిల్లు పడుతుంది. ఈరోజే పిల్లల సర్జన్‌కి చూపించాలి. ఆరు నెలల క్రితం ఫిల్ములో కూడా ఇది స్పష్టంగా ఉంది. అప్పుడు మామూలుగా ఉందని ఇచ్చిన రిపోర్టు తప్పు. ఆ ఫిల్ము చూడకుండానే నా సంతకం పెట్టారు, పెట్టమన్నది నేనే."

"ఆఖరి మాట మళ్ళ సదువు."

చదివింది.

"సూడకనే?"

"చూడకుండానే."

మంగవ్వ అరిచి ఉంటే మధులతకి సుఖంగా ఉండేది. ముసలామె ఆమెని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది, తీరిగ్గా, ఏమీ మిగల్చకుండా. కళ్ళజోడొక్కటే తక్కువ. రోజూ రవికాంత్ చీటీలు తినే చూపు ఎలా ఉంటుందో మధులతకి ఆ రోజు తెలిసింది. మంగవ్వ కాయితాన్నీ ఫిల్ముల్నీ సంచిలో పెట్టుకుని, పిల్లని భుజాన వేసుకుని లిఫ్టు వైపు వెళ్ళింది.

రవికాంత్ ఫోన్ ఎత్తలేదు. ఒకటిన్నరకి కొత్త నంబరు నుంచి నరేశ్ చేశాడు. "మేడం, అమ్మ కాయితం తెచ్చింది. సార్ సదివి గా ఫిల్ము లైటు మీద పెట్టి మస్తు సేపు చూసిండు. ఏరే దవాఖానకు తోల్కపొమ్మని చీటీ రాసిచ్చిండు. గిప్పుడు నా ఆటోలనే పోతున్నం. ఖైరతాబాద్ కాడ గణపతి పనులని రోడ్డు జామున్నది, జర ఆలస్యమైతది. ఫికర్ లేదు కద?"

"పాపని పడుకోబెట్టకు. నిటారుగా ఎత్తుకోమను. ఏమీ తినిపించొద్దు," అంది మధులత. ఆ చీటీలో ఏముందో ఆమెకి తర్వాత తెలిసింది. పెద్దాసుపత్రి సర్జన్ ఫోన్ చేసి నవ్వుతూ చదివి వినిపించాడు. 'పుట్టుకతో వచ్చిన డయాఫ్రం హెర్నియా అని నేను ముందే అనుమానించాను' అని రాసి, రవికాంత్ కింద రెండు గీతలు గీశాడట. ఇంకో రోజైతే మధులత ఆ మాట వారం రోజులు చెప్పుకుని నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు.

సాయంత్రం సీటీ స్కాన్‌లో అంతా తేలింది. రెండు వేళ్ళు పట్టేంత రంధ్రం, దాని గుండా జీర్ణాశయం, బారెడు పేగు, ప్లీహం కొస. శనివారం ఆపరేషన్ చేసి దేనికి దాని చోటు చూపించి, రంధ్రం కుట్టేశారు. నలిగి ఉన్న ఎడమ ఊపిరితిత్తి మెల్లగా విచ్చుకుందని సర్జన్ చెప్పాడు. రవికాంత్ పది రోజులు కేసులు పక్క సెంటరుకి పంపి, అక్కడివాళ్ళు ఇంకా బద్ధకస్తులని తెలిసి వెనక్కి వచ్చాడు. మధులత బుచ్చిబాబు పక్కన నిలబడి తన సంతకం బొమ్మ తీయించేసింది. "అయితే ఇక సాయంత్రాలు ఆలస్యమవుతుందండి మీకు," అన్నాడతను జాలిగా. అవుతూనే ఉంది.

నాలుగు వారాల తర్వాత హైందవి మళ్ళీ వచ్చింది, సర్జన్ అడిగిన ఎక్స్‌రే కోసం. మెట్లు ఊడ్చే పనికి ఇదే దగ్గరని మంగవ్వ ఇక్కడికే తీసుకొచ్చింది. పిల్లకి బుగ్గలొచ్చాయి. తీసిన బొమ్మని మధులత లోపల గదిలో మూడుసార్లు చూసింది. రెండు డయాఫ్రం గీతలూ గీసినట్టున్నాయి. బుడగ పొట్టలో ఉంది. రిపోర్టు చేత్తో రాసి సంతకం పెట్టి పంపింది. కౌంటర్లో అమ్మాయి ఫిల్ముని కవర్లో పెట్టి, అలవాటు ప్రకారం స్టేప్లర్ కొట్టి, మంగవ్వ చేతిలో పెట్టింది.

మంగవ్వ కదల్లేదు. హాల్లో ముప్ఫైమంది కూర్చుని ఉన్నారు. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. "గిది సూసి రాసిండ్రా, సూడకనే రాసిండ్రా?"

కౌంటర్ అమ్మాయి బుచ్చిబాబు వైపు చూసింది. బుచ్చిబాబు తెర వైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాట మధులతకి వినబడింది. ఆమె లేచి బయటికి వచ్చింది.

"చూశాను పెద్దమ్మా. మూడుసార్లు చూశాను. పాప బాగుంది."

"నేను సూడలె కద నువ్వు సూసింది," అంది మంగవ్వ, కవరు ముందుకి చాస్తూ. "నా ముందట ఇప్పు."

హాల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. మధులత కళ్ళజోడు సరిచేసుకుని, కవరు అందుకుని, ఆ ఫిల్ముని నాలుగోసారి చూడటానికి అందరి ముందూ పిన్ను పీకింది.